అప్పు గిరిజనుని పేర – అనుమతి ఎవరిది?

(ఖమ్మము పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



సర్కారు ధనమును గూర్చిన కథ యొకటి మన సీమవారికి చిన్ననాటినుండియు తెలిసినదే. పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచర్ల గోపన్న పన్నుల సొమ్ముతో భద్రాచలమున శ్రీరామునకు గుడి కట్టించెను. కార్యము పుణ్యకార్యమే, సొమ్ము మాత్రము గోలకొండ దివాణముది. అనుమతి లేక వ్యయించెనని తానీషా ఆతనిని చెఱలో పెట్టించెను. తుదకు రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలును చెల్లించి రసీదు పుచ్చుకొనిరని జనశ్రుతి. ఈ కథలో భక్తులకు భక్తి కనబడును. లెక్కలు చూచువానికి మూడు ప్రశ్నలు కనబడును. సొమ్మెవరిది? వ్యయించుటకు అనుమతి యెవరిది? తీర్చువారెవరు?

ఈ మూడు ప్రశ్నలను నేడు మఱియొక ధనమును గూర్చి అడుగవలసియున్నది. పేదల పేర, గిరిజనుల పేర, అడవుల పేర మన ప్రభుత్వములు విదేశీసంస్థలనుండి తెచ్చు ధనమును గూర్చియే నేటి ప్రసంగము. పత్రికలలో "ప్రపంచబ్యాంకు నిధులు" అని చదువుదుము. నిధి యనిన మాట వినగానే పాతర త్రవ్వగా బంగారము దొరకినట్లు మనసునకు తోచును. అది భ్రమ. అందు దానము స్వల్పము, అప్పే అధికము. 1949లో రైళ్ళకొఱకు 3 కోట్ల 40 లక్షల డాలర్లు పుచ్చుకొనుటతో స్వతంత్రభారతము ఈ బ్యాంకువద్ద ఖాతా తెఱచినది. 1960లో పేదదేశముల కొఱకు అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ యను శాఖ యేర్పడినది. దానికి వడ్డీ లేదు. నూటికి ముప్పాతిక రూపాయి సేవారుసుము మాత్రమే. మనదేశమునకు గడువు 35 ఏండ్లుగా నుండెడిది, అందు మొదటి పదియేండ్లు అసలు చెల్లింపనక్కరలేకుండెడిది. ఇంత సులభమైన అప్పును చూచి అప్పు కాదనుకొనుట సహజమే. కాని తాత సంతకము చేసిన పత్రమునకు మనుమడు బాకీ తీర్చుట మన పల్లెలలో క్రొత్త విషయము కాదు గదా!

ఇక ప్రభుత్వము ఈ అప్పునకు దరఖాస్తు పెట్టు విధమును చూతము. మన రాజ్యాంగము 293వ అధికరణము ప్రకారము రాష్ట్రము దేశములోపలనే అప్పు చేయవచ్చును. సముద్రము దాటి చేయి చాపుటకు దానికి అధికారము లేదు. కావున హైదరాబాదులోని శాఖ మొదట ప్రాథమిక నివేదిక వ్రాయును. అది రాష్ట్ర ఆర్థికశాఖను దాటి, ఢిల్లీలో ఆ విషయమునకు చెందిన మంత్రిత్వశాఖను దాటి, ఆర్థిక వ్యవహారముల విభాగమునకు చేరును. వారు సరియని తలచినచో బ్యాంకునకు పంపుదురు. అటుపిమ్మట గుర్తింపు, తయారీ, మదింపు, సంప్రదింపులు, పాలకమండలి ఆమోదము, సంతకములు అను మెట్లు గలవు. సామాన్యముగా ఇది నెలలలో తెమలునది కాదు; ఏండ్లు పట్టును. నిపుణులు వత్తురు, పోదురు. నివేదికల కట్టలు పెరుగును. ఆ కట్టలన్నియు ఆంగ్లమున నుండును.

సొమ్ము వచ్చు మార్గము ఇంకను చిత్రమైనది. కొంత మొత్తము ముందుగా ప్రత్యేకఖాతాలో నుంచుట కలదు. తక్కినది రాష్ట్రము తన ఖజానానుండి ముందు వ్యయించి, లెక్కలు ఢిల్లీకి పంపి, ఒప్పుకొన్నంతవఱకు తిరిగి రాబట్టుకొనవలయును. అనగా బ్యాంకు చూచునది రసీదును. రసీదు లేని వ్యయము వ్యయమే కాదు. ఈ పద్ధతి దొంగతనమును కొంత అరికట్టును, నిజమే. కాని దీనివలన శాఖలలో నొక అలవాటు పుట్టును. రసీదు సులభముగా దొరకు పనియే మంచిపనియని తోచును. గుంత త్రవ్వినందుకు, మొక్క నాటినందుకు, గోడ కట్టినందుకు రసీదు కలదు. గూడెములో పదిమందిని కూర్చుండబెట్టి వారి మాట వినినందుకు రసీదు లేదు.

ఢిల్లీనుండి రాష్ట్రమునకు ఈ ధనము ఏ షరతుతో వచ్చెడిదో వినుడు. 2005వఱకు మనవంటి రాష్ట్రములకు నూటికి 70 వంతులు అప్పుగా, 30 వంతులు దానముగా వచ్చెడిది. ఆ 70 వంతులపై కేంద్రము తీసికొన్న వడ్డీ, బ్యాంకు తీసికొన్న ముప్పాతిక రూపాయికి ఎన్నోరెట్లు. అందుకు బదులుగా డాలరు ధర పెరిగినపుడు కలుగు నష్టమును కేంద్రమే భరించెడిది. పండ్రెండవ ఆర్థికసంఘము సిఫారసుపై 2005 ఏప్రిలు నుండి ఈ యేర్పాటు మారినది. బ్యాంకు ఇచ్చిన షరతులే రాష్ట్రమునకు సంక్రమించినవి. డాలరు భారమును రాష్ట్రముపైననే పడినది. 1994లో డాలరునకు సుమారు 31 రూపాయలు, 2002లో సుమారు 48. నేడు 80 దాటినది. తీసికొన్ననాటి రూపాయికిని తీర్చునాటి రూపాయికిని గల భేదము ఇది.

ఇంతవఱకు చెప్పినది పద్ధతి. ఇక మన గడపలో జరిగినదానికి వత్తము.

1988 జాతీయ అటవీవిధానము, 1990 జూన్ నాటి కేంద్రప్రభుత్వ లేఖ అడవిని కాపాడుటలో గ్రామస్థులకు పాలుండవలెనని చెప్పినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి ఆ పని ఆరంభమైనది. 1994లో అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ మన రాష్ట్ర అటవీపథకమునకు 7 కోట్ల 74 లక్షల డాలర్ల ఋణ మిచ్చినది. ఊరూర వన సంరక్షణ సమితులు వెలసినవి. 2002 జులైలో సాముదాయక అటవీ యాజమాన్య పథకమను పేర మఱి 10 కోట్ల 80 లక్షల డాలర్లు మంజూరైనవి. సుమారు 5,000 సమితులు దాని లక్ష్యము. కిన్నెరసాని, శబరి, గోదావరి తీరములలోని కోయగూడెములును, కొండరెడ్ల పల్లెలును ఈ పథకములలో నుండదగినవే. పత్రములలోని ఉద్దేశమును తప్పుపట్టువాడను కాను. నఱికిన అడవి మరల చిగిర్చెను, మోడుపట్టిన గుట్టలపై పచ్చదనము వచ్చెను, కొన్ని యెడల సమితులవారికి కూలియు వెదురు ఆదాయములో పాలును దొరకెను. ఇది కాదనుట అన్యాయము.

అయినను ప్రశ్న అడవి పచ్చబడెనా యని కాదు. పచ్చబడిన నేల ముందెవ్వరిది యని.

ఒక కోయకుటుంబమును ఊహింపుడు. తాతనాటినుండి గుట్టవాలున నాలుగెకరముల పోడు. జొన్న, కంది, సామలు పండును. పట్టా లేదు, అటవీశాఖ రికార్డులో అది ఆక్రమణ. ఒకనాడు ఊరిలో సమితి యేర్పడును. ఆ కుటుంబపు పెద్దయు సభ్యుడే. "నీ పోడు సమితికి విడువుము, మొక్కలు నాటుదము, కూలి దొరకును, చెట్టు పెరిగినపుడు నీకును పాలుండును" అని చెప్పుదురు. చెప్పువాడు ఖాకీ తొడిగినవాడు. సమితి బ్యాంకుఖాతాపై అధ్యక్షుని సంతకముతోపాటు ఆయన సంతకమును ఉండవలసిన రోజులవి. వినువాడు నిన్నటివఱకు ఆయనకు వెఱచి బ్రదికినవాడు. అట్టిచోట "సరే" యను మాటకు విలువ యెంత? మూడేండ్లు గుంతల కూలి, మొక్కల కూలి వచ్చును. నాలుగవయేట పథకపు గడువు తీఱును, కూలి ఆగును. నీలగిరిచెట్టు నిలిచియుండును, కందిచేను రాదు. బ్యాంకు పుస్తకములో ఆ నాలుగెకరములు విజయము క్రింద చేరును. ఆ యింటి పొయ్యిలో మాత్రము అది నష్టము క్రింద చేరును.

ఇది కేవలము నా ఊహ యనుకొనకుడు. పోడుభూములు సమితుల తోటలలో కలిసినవను ఫిర్యాదు మొదటి పథకము నడచినంతకాలము వినబడెను. అందుచేతనే రెండవ పథకపు పత్రములలో గిరిజనాభివృద్ధి ప్రణాళికయు, భూమి కోల్పోయినవారికి పునరావాస ప్రణాళికయు చేర్పవలసివచ్చెను. కాని కాలమహిమ చూడుడు. అదే 2002 మే మాసమున కేంద్ర పర్యావరణశాఖ అడవులలోని ఆక్రమణలను సెప్టెంబరు కడపటిలోగా తొలగింపుడని రాష్ట్రములకు లేఖ వ్రాసెను. ఒకచేత "మీరే అడవికి యజమానులు" అను కాగితము. వేఱొకచేత "ఖాళీ చేయుడు" అను కాగితము. రెండును ఒకే వేసవిలో వ్రాయబడినవి. గూడెమువాడు దేనిని నమ్మవలయును?

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఈ అనర్థమునకు చట్టము లేకపోవుట కారణము కాదు. 1996లో పార్లమెంటు షెడ్యూలు ప్రాంతముల పంచాయతీల చట్టమును చేసినది; దానినే జనులు పెసా యందురు. సాంఘిక, ఆర్థికాభివృద్ధి పథకమేదైనను పంచాయతీ చేపట్టుటకు ముందు గ్రామసభ ఆమోదింపవలెనని అందు కలదు. వ్యయమైన తరువాత నిధులు సరిగా వినియోగమైనవని ధ్రువపత్రము నిచ్చు అధికారమును గ్రామసభదే. చూచితిరా! ముందు అనుమతి, తరువాత రసీదు – రెండును గ్రామసభ చేతిలోనే పెట్టినది ఆ చట్టము. మన రాష్ట్రము 1998లో దానికనుగుణముగా పంచాయతీ చట్టమును సవరించుకొన్నది. నియమములు మాత్రము 2011లో గాని వెలువడలేదు. ఈ నడుమనే 10 కోట్ల 80 లక్షల డాలర్ల పథకము వచ్చి నడచినది. నియమములు లేని చట్టము, చెఱువు తవ్వి తూము పెట్టనట్టిది. నీరున్నను పొలమునకు రాదు. పైగా పథకమును నడపునది పంచాయతీ కాదు, అటవీశాఖయు సమితియు నని చెప్పినచో గ్రామసభను దాటిపోవుటకు దారి దొరకనే దొరకెను.

విదేశీధనమంతయు ఇట్లే యగునా? కాదు. వెలుగు పథకమును చూడుడు. 2000లో ఆరు జిల్లాలతో అది మొదలైనది. అందు మన జిల్లా లేదు. 2003లో మఱి 15 కోట్ల డాలర్ల ఋణముతో తక్కిన 16 జిల్లాలకు వ్యాపించినపుడు ఖమ్మమును చేరినది. తరువాత దానికే ఇందిరా క్రాంతి పథమని పేరు పెట్టిరి. ఈ పథకములో స్త్రీలు పదిమంది చొప్పున సంఘము కట్టి, ముందు తమ పొదుపు తాము కూర్చుకొని, ఆపైన ఎవరికి ఎంత, ఎందుకు అను నిర్ణయము తామే చేసికొనిరి. తప్పులు లేవనను, పెద్దసంఘముల పెత్తనము, వసూళ్ళ ఒత్తిడి అందును కలవు. అయినను గేదెను కొనవలెనో, కౌలుకు నేల పట్టవలెనో, బిడ్డ చదువునకు పెట్టవలెనో తేల్చినది ఆ యింటి ఇల్లాలు. బాకీ తీర్చినదియు ఆమెయే. ధనమిచ్చినవాడు అక్కడను ఇక్కడను ఒక్కడే. భేదమంతయు నిర్ణయము చేసినవారిలో నున్నది.

ఈ పాఠము మనకు మాత్రమే చెందినది కాదు. 1980లలో తగరపు గనుల ధర కూలి బొలీవియా దేశము అల్లాడినపుడు, 1986లో అక్కడి ప్రభుత్వము అత్యవసర సామాజికనిధిని నెలకొల్పి విదేశీధనమును చేకూర్చుకొన్నది. పనులను శాఖలు నిర్ణయింపలేదు. ఊళ్ళును సంఘములును దరఖాస్తులు పెట్టిన పనికే ధనమిచ్చిరి. బడులు, బాటలు వేగముగా పూర్తియైనవి. పిమ్మట పరిశీలించినవారు లోపమొకటి కనిపెట్టిరి. దరఖాస్తు వ్రాయగల ఊళ్ళకు సులభముగా అందినది. కొండల మధ్యనున్న కటికపేద ఊళ్ళకు అంతగా అందలేదు. అడుగు స్వేచ్ఛ యొకటే చాలదు, అడుగు నేర్పును కావలెను. కావుననే మన వంటి పట్టణవాసుల బాధ్యత ఇక్కడ మొదలగుచున్నది.

"ఇంత గొడవ యేల? విదేశీధనమే వలదన్న సరిపోదా?" అని కొందఱు మిత్రులు అడుగుదురు. స్వాభిమానము గొప్పదే. 1993 మార్చిలో నర్మదా ఆనకట్ట విషయమున బ్యాంకు షరతులకు లోబడుటకన్న మిగిలిన ఋణమునే వదలుకొందుమని భారతప్రభుత్వము నిర్ణయించినది. దేశగౌరవము నిలిచినదని కొందఱు సంతోషించిరి. కాని నిర్వాసితులకు ఒరిగినదేమి? ఆనకట్ట నిలువలేదు, దేశధనముతో సాగినది. ప్రశ్నించు బ్యాంకు మాత్రము తొలగిపోయినది. ధనము దేశీయమైనంతమాత్రమున న్యాయము దానంతట రాదు. ఆ వివాదఫలముగనే అదే యేట బ్యాంకు తన తప్పులపై విచారించుటకు తనిఖీసంఘమును పెట్టుకొనవలసివచ్చెను. పథకమువలన నష్టపడినవారు ఇద్దఱు కలిసినను అక్కడ మొఱ పెట్టుకొనవచ్చును. ఈ మాట ఎన్ని గూడెములకు తెలుసును?

ఇంకను నొక సంగతి. 2014తో మనదేశము ఆ వడ్డీలేని అప్పుల అర్హతను దాటినది. మఱి మూడేండ్లు తాత్కాలికసాయము దొరకినది. ఇకమీద బ్యాంకునుండి వచ్చునది ప్రధానముగా వడ్డీతో కూడిన అప్పే. తెలియక వ్యయించు ప్రతి డాలరును ఇకపై మఱింత ప్రియమగును. పాత అప్పులును ఎక్కడికిని పోలేదు. 2002 నాటి ఋణమునకు 35 ఏండ్ల గడువనిన అది 2037 వఱకు నడచును. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనపుడు ఆస్తులతోపాటు అప్పులును పంచుకొంటిమి. చింతూరు, కూనవరము, వి.ఆర్. పురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు పోలవరము కొఱకు ఖమ్మము జిల్లానుండి ఆంధ్రలోనికి పోయినవి. సరిహద్దులు జరిగినవి; అప్పు జరుగలేదు. ఏ కొండవాలున ఏ తోట ఎవరి పోడుపై వేసిరో చెప్పు రికార్డు మాత్రము ఈ జరుగుబాటులలో ఎక్కడ నున్నదో వెదకుకొనవలసినదే.

ఇంతకును మనము చేయవలసినది మూడు విధములు.

మొదటిది: ఏ విదేశీఋణపు దరఖాస్తుకైనను మొదటి కాగితము గ్రామసభ తీర్మానము కావలెను, కడపటి కాగితము కాదు. బ్యాంకు నిపుణుడు వచ్చునాటికే ఊరు తన మాట చెప్పియుండవలయును. ఆ మాట చెప్పుటకు పథకపు సారాంశము తెలుగులో అచ్చు కావలయును, కోయభాషలో చదివి వినిపింపబడవలయును. అప్పెంత, గడువెంత, ఏ నేలపై ఏ పని, వలదనుటకు హక్కు కలదా – ఈ నాలుగును అందుండవలెను.

రెండవది: భూమి తగవు తీరనిదే మొక్క నాటరాదు. 2006 అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగుచేయు గిరిజనునకు హక్కు నొసగినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము సుమారు 4 లక్షల యెకరముల పోడునకు పట్టాలిచ్చినది. అందు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు పెద్దపాలు వచ్చినది. సంతోషమే. కాని పట్టా దొరకినవాని సంతోషములో, నేల ముందే సమితితోటలో కలిసిపోయినవానిని మఱవరాదు. అట్టివాడు "నేడు సాగులో లేవు గదా" యను ఒక్కమాటతో హక్కు పోగొట్టుకొనును. సాగు మాన్పించినది ప్రభుత్వపు పథకమే యైనపుడు, సాగు లేదని ఆతనినే తప్పుపట్టుట ఏ న్యాయము?

మూడవది: లెక్క ఊరిలోనే చదువవలెను. మన రాష్ట్రము 2006 నుండి ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీని పెట్టి, మస్తరులు జనుల నడుమ చదివించి దేశమునకు దారి చూపినది. కూలివాడు లేచి "ఆ రోజు నేను పనికి రాలేదు, నా పేర డబ్బెవరు తీసిరి?" అని అడుగగల్గెను. రోజుకూలికి ఈ తనిఖీ ఉన్నపుడు, కోట్ల డాలర్ల అప్పునకు ఏల ఉండరాదు? ఢిల్లీలో తనిఖీ జరుగుచునే యున్నది. కాని ఆడిటరు రసీదును చూడగలడు, నాటిన మొక్క క్రింది నేల ఎవరిదో చూడలేడు. చూడగలిగినది ఆ ఊరి ముసలవ్వ. ఆమె వేలిముద్ర లేని వినియోగ ధ్రువపత్రము అసంపూర్ణము.

సోదరులారా! మీలో ప్లీడర్లు గలరు, ఉపాధ్యాయులు గలరు, వర్తకులు గలరు. ఆంగ్లనివేదిక చదువగలవారు గలరు. నెలకొక నివేదికను తెనిగించి ఈ పఠనమందిరపు గోడకు అంటించినచో, సంతరోజున భద్రాచలమునుండియు ఇల్లందునుండియు వచ్చు ఉపాధ్యాయుడొకడు దానిని గూడెమునకు తీసికొనిపోడా? చిన్నపనియే. కాని అడుగు నేర్పు అట్లే పుట్టును.

గోపన్న అనుమతి లేక వ్యయించినందుకు చెఱసాల చూచెను. నేటి శాఖలకు పైనుండి కావలసిన అనుమతులన్నియు ఉన్నవి; హైదరాబాదుది, ఢిల్లీది, వాషింగ్టనుది. లేనిది ఒక్కటే – ఎవరి పేర అప్పు తెచ్చిరో వారిది. ఆనాడు బాకీ తీర్చుటకు రామలక్ష్మణులు వచ్చిరందురు. ఈ బాకీకి వారు రారు. 2037లో దానిని తీర్చువారు నేడు మన బడులలో అక్షరములు దిద్దుకొనుచున్నారు; వారిలో కోయబిడ్డలును ఉన్నారు. వారు పెద్దవారై "మా తాత నేలపై మా పేర అప్పు చేయునపుడు మీరేమి చేయుచుంటిరి?" అని అడిగినచో, మనకొక సమాధానముండవలయునని మనవి చేసి, సెలవు తీసికొనుచున్నాను.